నీలం పోస్టు డబ్బా దాకా

మాషీమా ఇంటికి వెళ్ళిన మనిషి ఒంటరిగా బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు పెట్టె సర్దుకుంటుంటే ఆవిడ తలుపు వెనకనుంచి బూట్లు లాక్కునేది. చీర మీద మొగుడి ఓవర్‌కోటు తొడుక్కుని, అతనితో పాటు మెట్లు దిగి, వ్యాను దాకా నడిచేది. ఇంకేదో పని చెప్పబోతోందనుకుని అతను అద్దం దించేవాడు. ఆవిడ చెయ్యి ఊపేది. ఏం తోచక అతనూ చెయ్యి ఊపేవాడు. వ్యాను మలుపు తిరిగాక గానీ ఆవిడ లోపలికి వచ్చేది కాదు.

ఆవిడ పోయిందని పోయిన జనవరిలో అక్క ఫోన్ చేసినప్పుడు నాకు మొదట ఆ బూట్లే గుర్తొచ్చాయి. మంచులో తొడుక్కునే రబ్బరు బూట్లు, మగవాళ్ళవి, ఆవిడ పాదాలకి బాగా పెద్దవి. నడుస్తుంటే టపటపమనేవి. చలికాలంలో షికాగో దగ్గరి నేపర్‌విల్‌లోని ఆ వీధిని తలుచుకుంటే నాకు ఇళ్ళూ చెట్లూ కనిపించే ముందు ఆ చప్పుడు వినిపిస్తుంది.

ఆవిడ మాకు బంధువు కాదు, తెలుగావిడా కాదు. కలకత్తా నుంచి వచ్చిన బెంగాలీ. భర్త ఆ దగ్గర్లోనే ఒక ల్యాబులో కెమిస్టు. పిల్లల్లేరు. నేను ఆంటీ అని పిలిస్తే మొదటిరోజే వద్దంది. ‘మాషీమా’ అనమంది. వాళ్ళలో పిన్నిని అలా పిలుస్తారట. ఆయన్ని ‘మేషోమశాయి’ అనాలట. కూతురి వయసు పిల్లని అమ్మా అని పిలవడం మాత్రం వాళ్ళలోనూ ఉంది. ఆవిడ నన్ను అలాగే పిలిచేది. గుంటూరు వదిలి వచ్చాక ఇంటి బయట నన్నెవరో అలా పిలవడం అదే మొదలు.

నేను అమెరికా వచ్చింది డెబ్బై తొమ్మిదిలో. అక్క హాస్పిటల్లో నర్సు, బావ ఇంజనీరు. రెండో పాప పుట్టినప్పుడు సాయానికి నన్ను పిలిపించుకున్నారు. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివాను, లావుపాటి నవలలు దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. కానీ సూపర్‌మార్కెట్ కౌంటర్లో అమ్మాయి “హౌ ఆర్ యూ” అంటే నా గొంతు పెగిలేది కాదు. తిరిగి ఏమనాలో ఇంటికొచ్చి డైరీలో చక్కగా రాసుకునేదాన్ని.

ఆదివారాలు నాలుగైదు తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థనకి చేరేవి. ఆమెన్ అనగానే పాపకి నీళ్ళు పడతానని లేచి, బేస్‌మెంట్‌లోకి పోయి పుస్తకం తీసేదాన్ని. ఎవరింటికి వెళ్ళినా తలుపు పక్క కుర్చీ చూసుకునేదాన్ని. వచ్చేటప్పుడు ఎవరికీ చెప్పేదాన్ని కాదు. చెప్పాలంటే గదిలో తలలన్నీ నావైపు తిరుగుతాయి. “మా మరదలు పిల్లి. వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు” అని బావ అందరి ముందూ నవ్వేవాడు. అందరి తలలూ అప్పుడు ఎలాగూ తిరిగేవి.

ఈ బెరుకు పోతుందని అక్క నన్ను ఊరి లైబ్రరీలో మంగళవారం మధ్యాహ్నాలు జరిగే ఇంగ్లీషు క్లాసులో చేర్పించింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన ఒక అమెరికన్ ఆవిడ టీచరు. ఆవిడకొక పద్ధతి ఉండేది. బోర్డు మీద రెండు ముక్కల ఇంగ్లీషు క్రియ ఒకటి రాసేది. డిక్షనరీ తియ్యనిచ్చేది కాదు. ఒక్కొక్కరూ లేచి దాన్ని తమ భాషలో ఏమంటారో చెప్పాలి. పోలండ్ ముసలాయన పోలిష్‌లో చెప్పేవాడు, వియత్నాం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు వాళ్ళ భాషలో. టీచరుకి ఒక్క మాటా తెలియదు. అయినా చేతులు కట్టుకుని ప్రతి ఒక్కరి ముఖంలోకీ చూస్తూ వినేది. చెప్పేవాళ్ళకి ఆ మాట నిజంగా తెలుసో లేదో ముఖం చూస్తే తెలుస్తుందట.

మాషీమా వంతు వస్తే మాట ఆలస్యంగా వచ్చేది. ముందు చేసి చూపించేది. ‘లుక్ ఆఫ్టర్’ అని రాసిన రోజు లేచి వెళ్ళి, వియత్నాం చెల్లెలి కోటుకి పై బొత్తాం పెట్టి, మఫ్లరు సర్ది, నుదుటి మీద చెయ్యి వేసి జ్వరముందేమో చూసి, అప్పుడు బెంగాలీలో ఒక మాట అంది. ‘రన్ అవుట్’ రోజున సంచిలోంచి ఖాళీ ఆవనూనె సీసా తీసి టీచరు బల్ల మీద బోర్లించింది. షికాగోలో ఆవనూనె అమ్మే ఒకే ఒక్క కొట్టువాడు వచ్చే వారం, వచ్చే వారం అంటూ ఎలా తిప్పుతున్నాడో క్లాసంతా వినవలసి వచ్చింది. ‘గివ్ అప్’ రోజున మాత్రం లేవలేదు. బెంగాలీలో దానికి మాటలున్నాయి గానీ చిన్నపిల్లలున్న గదిలో చెప్పనంది. చిన్నపిల్లలంటే నేనూ ఆ అక్కచెల్లెళ్ళూ.

మార్చి నెలలో ఒక మంగళవారం టీచరు ‘సీ ఆఫ్’ అని రాసింది.

మాషీమా లేచింది. గదంతా ఒకసారి కలియజూసి, తలుపు పక్కన కూర్చున్న నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. ఆవిడ వదల్లేదు. క్లాసులోంచి నన్ను నడిపించుకుంటూ పుస్తకాల వరసలు దాటించి, కౌంటరు దగ్గర ఉన్నావిడకి తలూపి, అద్దాల తలుపు తోసింది. మా కోట్లు లోపలే ఉన్నాయి. బయట ఇంకా కరగని మంచు. ఆవిడ తొందరపడలేదు, మాట్లాడలేదు. వీధి మూల మీద ఉన్న నీలం పోస్టు డబ్బా దాకా నడిచాం. అక్కడ ఆగి డబ్బా మీద చెయ్యి ఆనించింది.

“ఇప్పుడు నువ్వు ‘ఆషీ’ అనాలి. వస్తానని. వెళ్తాను అని మేం అనం” అంది.

మేమూ అనమని, వెళ్ళొస్తాననే అంటామని చెప్పాలనిపించింది. నోటిలోంచి “ఆషీ” మాత్రం వచ్చింది.

“ఎశో” అందావిడ. రా, అని.

వెనక్కి తిరిగితే క్లాసంతా లైబ్రరీ అద్దాలకి ముఖాలు ఆనించి చూస్తోంది. టీచరు చేతుల్లో మా కోట్లు. లోపలికి వెళ్ళాక, పళ్ళు టకటకలాడుతుండగా మాషీమా మాట చెప్పింది: “ఎగియే దేఓయా.” వెళ్ళే మనిషితో కొంత దూరం నడిచి, ముందుకు పంపి రావడం. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపితే అది కాదట. అది మనిషిని బయట పెట్టి తలుపేసుకోవడమట. టీచరు నవ్వి, మీ భాషలో ఏమంటారు అని నన్నడిగింది. అప్పటిదాకా ఆ క్లాసులో అందరికీ వినిపించేలా నేను ఒక్క మాటా అనలేదు. “సాగనంపడం” అన్నాను. మాషీమా దాన్ని తనలో తాను పలికి చూసుకుని, మంచి మాట, నోట్లోనే కొంత దూరం నడుస్తుంది, అంది.

వాళ్ళ అపార్టుమెంటు లైబ్రరీ వెనక వీధిలో. అక్క ఇల్లు పోస్టు డబ్బా దాటాక ఇంకా చాలా దూరం. మంగళవారాలు క్లాసు అయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టాను. మేషోమశాయి త్వరగా వచ్చిన రోజున గోధుమరంగు కుర్చీలో కూర్చుని పేపర్లో పదాల గళ్ళు నింపుకుంటూ ఉండేవారు. మాషీమా నాచేత ఇంగ్లీషు నవలలు చదివించుకునేది. మా ఇద్దరికీ ఉన్న ఉమ్మడి భాష ఇంగ్లీషే, అదీ చెరో సగం. నవల మొదలుపెట్టగానే చివరికి ఎవరు చచ్చిపోతారో చెప్పమనేది. కథ పాడైపోతుందని నేను బతిమాలినా వినేది కాదు. “ముందే తెలిస్తే వాళ్ళు కనిపించినప్పుడల్లా కాస్త బాగా చూసుకుంటాను కదా” అనేది. నిజంగానే చూసుకునేది. ఆ పాత్ర గదిలోకి రాగానే అల్లిక పక్కన పెట్టి వినేది.

మొదట్లో నన్ను పోస్టు డబ్బా దాకా కాదు, అక్క ఇంటి దాకా దింపేది. పెద్దావిడ అంత దూరం వస్తే ఒంటరిగా ఎలా పంపుతాం? నేను తిరిగి వాళ్ళింటి దాకా వెళ్ళేదాన్ని. వాళ్ళ గుమ్మం దగ్గర ఆవిడ మళ్ళీ నావైపు తిరిగేది. ఇంతదూరం నాకోసం వచ్చిన పిల్లని ఒంటరిగా ఎలా పంపడం? ఒక సాయంత్రం ఇలా అటూ ఇటూ తిరుగుతుంటే ఒక పోలీసు కారు వచ్చి ఆగింది. ఎవరో ఫోన్ చేశారట, చీరలు కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు దారి తప్పి తిరుగుతున్నారని. మాషీమా కిటికీలోకి వంగి, తప్పిపోలేదని, మొదట తాను ఈ పిల్లని సాగనంపానని, ఇప్పుడు ఈ పిల్ల తనని సాగనంపుతోందని ఓపిగ్గా వివరించింది. మరి ఇది ఎప్పటికి ముగుస్తుంది మేడమ్ అని అతను అడిగాడు. ఆవిడ నావైపు చూసింది. మాకూ తెలియదు.

అతను ఇద్దర్నీ కారెక్కించుకుని ముందు నన్ను దింపాడు. పోలీసు కారు లోంచి నేను దిగడం, వెనక సీట్లోంచి మాషీమా చెయ్యి ఊపడం బావ కిటికీలోంచి చూశాడు. “ఏమ్మా, ఈ ఊళ్ళో పిల్లిలా ఉండేదానివి, ఇప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో వస్తున్నావే” అన్నాడు. అక్క మాత్రం వణికిపోయింది. ఆ తర్వాత నీలం పోస్టు డబ్బాని హద్దు చేసుకున్నాం. ఆవిడ అంతవరకే వస్తుంది, నేను వెనక్కి రాను. డబ్బా మీద చెయ్యి పెట్టి, నేను మలుపు తిరిగేదాకా ఆవిడ నిలబడాలి. మలుపులో నేను ఒక్కసారి వెనక్కి చూడాలి. ఈ ఒప్పందాన్ని ఆవిడ ఎంత పట్టుదలగా పాటించిందంటే, మంచు కురిసినా నెత్తిన ప్లాస్టిక్ కవరు కప్పుకుని అలాగే నిలబడేది.

ఆ ఏడు దుర్గాపూజ రోజుల్లో వాళ్ళింట్లో బెంగాలీలు చాలామంది చేరారు. పాటలు, నవ్వులు, నాకు తెలియని భాష. మాషీమా వంటింట్లో ఉంది. నేను నా అలవాటు ప్రకారం చెప్పులు చేతబట్టుకుని పక్క తలుపులోంచి జారుకున్నాను. పోస్టు డబ్బా దాటానో లేదో, వెనక పరుగెత్తుకొస్తున్న అడుగులు. మాషీమా. చేతులకి పిండి, కాళ్ళకి ఏమీ లేవు. ఆయాసంతో మాట రాక డబ్బాని పట్టుకుని నిలబడింది. కోప్పడుతుందనుకున్నాను. “ఎప్పుడూ ఇలా చెయ్యకు” అని మాత్రం అంది. మళ్ళీ అదే మాట అంది. ఆవిడ కళ్ళల్లో నాకు కనిపించింది భయం. ఒక పూట చెప్పకుండా వెళ్ళినందుకు అంత భయం ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాతి మంగళవారం, బంగాళాదుంపలు తరుగుతూ చెప్పింది. వాళ్ళది తూర్పు బెంగాల్లో నది ఒడ్డున ఒక ఊరు. దేశం రెండయినప్పుడు ఆవిడకి పదహారేళ్ళు. వాళ్ళ నాన్న ఒకరోజు, రేపు తెల్లవారుజామున బయలుదేరుతున్నామని, ఎవరికీ చెప్పొద్దని అన్నాడు. పక్కింట్లో ఆవిడ ఈడు ముస్లిం అమ్మాయి ఉండేది. రోజూ సాయంత్రం ఒకరికొకరు జడలు వేసుకునేవాళ్ళు. ఆ సాయంత్రం కూడా వేసుకున్నారు. రేపు జడకి ఎర్ర రిబ్బను తెస్తానని ఆ పిల్ల అంటే, ఈవిడ సరేనంది. తెల్లవారుతుండగా స్టీమరెక్కారు. మామూలుగా ఆ ఊళ్ళో ఎవరు స్టీమరెక్కినా సగం ఊరు రేవులో ఉండేదట. ఆ రోజు రేవులో ఒక కుక్క ఉంది.

“ఎవరూ రాలేదు. ఎవరికీ చెప్పలేదు కదా, ఎలా వస్తారు?” అంది. కాసేపు దుంపలే తరిగింది. “నన్ను ఎవరూ పంపలేదు అమ్మా. అందుకే నేనింకా ఎక్కడికీ పూర్తిగా చేరలేదేమో.”

 ఆ సాయంత్రం పోస్టు డబ్బా దగ్గర ఆషీ అని మామూలు కంటే గట్టిగా అన్నాను.

రెండేళ్ళ తర్వాత, దక్షిణాన మూడు గంటల దూరంలో ఉన్న యూనివర్సిటీలో లైబ్రరీ సైన్సు చదవడానికి నాకు సీటు వచ్చింది. టీచరే అప్లికేషన్ తెప్పించింది, అక్కే సంతకాలు పెట్టించింది. ఒక్కదాన్నే హాస్టల్లో ఉండాలి, అపరిచితుల మధ్య మాట్లాడాలి.  వెళ్ళకుండా ఉండడానికి ఏదైనా కారణం దొరుకుతుందేమోనని ఎదురుచూస్తూ గడిపాను. దొరకలేదు. ఎవరికీ చెప్పకుండా పోదామని ఉన్నా, ఆ స్టీమరు కథ విన్నాక మాషీమాకి చెప్పకుండా ఎలా వెళ్తాను? ఏ రోజు, ఏ రైలు అన్నీ చెప్పాను.

అది ఆగస్టు నెల, శనివారం. అక్క డ్యూటీలో ఉంది. బావ నన్ను నేపర్‌విల్ స్టేషన్లో దింపి, ఆఫీస్‌లో ఏదో పనుందని వెళ్ళిపోయాడు. అప్పటికే ప్లాట్‌ఫారం మీద మాషీమా ఉంది, చేతిలో పూరీల డబ్బాతో. షికాగో వెళ్ళే రైలు రాగానే నాతోపాటు ఎక్కేసింది.

“వచ్చే స్టేషన్ దాకా” అంది.

వచ్చే స్టేషన్లో తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. “ఇంకొక్కటి” అంది. ఆ తర్వాత అడగడం మానేశాను. పక్కపక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ షికాగో వెళ్ళిపోయాం. అక్కడ ఆ పెద్ద హాల్లో, ఎటు చూసినా పరుగెత్తే జనం మధ్య, ఆవిడ నా జాకెట్టు చెయ్యి పట్టుకుంది. అప్పుడు తెలిసింది, ఆవిడ ఈ దేశంలో ఎప్పుడూ ఒంటరిగా రైలెక్కలేదని. తిరుగు రైలు ఏ గేటు నుంచో ఆవిడకి తెలియదు. ఎవరినైనా అడిగి, నేపర్‌విల్‌లో ఈవిడని దింపమని చెప్పాలి. యూనిఫారంలో ఉన్న ఒకాయన దగ్గరిదాకా వెళ్ళాను. ఆయన నావైపు చూశాడు. నేను తిరిగి వచ్చేశాను.

బెంచీ మీద కూర్చుని పూరీలు తిన్నాం. నా రైలు గురించి మైకులో చెప్పారు. నేను లేవలేదు. అది వెళ్ళిపోయాక సూట్‌కేసు పట్టుకుని మాషీమాతో పాటు నేపర్‌విల్ రైలెక్కాను.

ఆ ప్రయాణంలో నా మనసు ఎంత తేలికగా ఉందో చెప్పలేను. పెద్దావిడని ఒంటరిగా వదల్లేక వచ్చేశానంటే ఎవరు తప్పు పడతారు? ఇలా రేపూ జరగవచ్చు, ఎల్లుండీ జరగవచ్చు. సోమవారం దాటితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది. అక్క రెండు రోజులు తిడుతుంది, తర్వాత పాప నా ఒళ్ళోనే నిద్రపోతుంది. మాషీమా నన్ను గమనిస్తూ ఉంది. స్టేషన్ నుంచి నడుచుకుంటూ పోస్టు డబ్బా దగ్గరికి వచ్చాక ఆగింది. డబ్బా మీద చెయ్యి వెయ్యలేదు.

“ఎందుకొచ్చావు?”

“మిమ్మల్ని ఒక్కరినే ఎలా వదిలి వెళ్తాను, మాషీమా?”

“నా ముఖం చూసి చెప్పు.”

నేను చూడలేకపోయాను.

“నిన్ను ముందుకు పంపడానికి వచ్చాను నేను. నన్ను సాకు చేసుకుని వెనక్కి వచ్చావు” అంది. గొంతులో కోపం లేదు. “తప్పు నీదొక్కదానిదే కాదులే. నేనూ దిగవలసిన చోట దిగలేదు.”

ఆ రాత్రి బావ, రైళ్ళూ గీళ్ళూ వద్దు, రేపు నేనే కార్‌లో తీసుకెళ్ళి దింపుతానన్నాడు. “నువ్వూ ఆవిడా కలిస్తే షికాగోకి, నేపర్‌విల్‌కి మధ్య ముసలివాళ్ళయిపోతారు” అన్నాడు. నేను రైల్లోనే వెళ్తానన్నాను. అక్క వింతగా చూసింది. ఆ ఇంట్లో నేను ఏదైనా కావాలని అడగడం అరుదు.

మర్నాడు ఆదివారం. మాషీమా మళ్ళీ ప్లాట్‌ఫారం మీద ఉంది. ఈసారి పూరీల డబ్బా నా చేతికిచ్చేసింది. రైలు వచ్చి ఆగింది. ప్లాట్‌ఫారం అంచున ఒక పసుపు గీత ఉంటుంది. ఆవిడ పాదాలు ఆ గీతకి ఇవతల పెట్టి, పక్కన ఉన్న స్తంభాన్ని చేత్తో పట్టుకుంది. ఎక్కకుండా తనని తాను పట్టుకున్నట్టు.

“ఇక్కడి దాకానే” అంది.

“ఆషీ” అన్నాను.

“ఎశో.”

రైలు కదిలాక కిటికీలోంచి చూశాను. చెయ్యి ఊపడం లేదు. స్తంభం పట్టుకునే ఉంది. షికాగోలో ఆ యూనిఫారం మనిషే కనిపించాడు. నా రైలు ఏ గేటని అడిగాను. మాట వచ్చింది. ఆయన చూపించాడు. అంతే. అంత చిన్న పని అది.

తర్వాతి సంవత్సరాల్లో సెలవులకి వచ్చినప్పుడల్లా వెళ్ళేదాన్ని. చదువయ్యాక అక్కడే లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. నేను ఏ నవల తెచ్చినా ఆవిడ చివర ఎవరు పోతారని అడిగేది. ఎవరూ పోని నవల తెస్తే, అయితే వీళ్ళందరికీ ఏమవుతుంది, ఇలా కూర్చునే ఉంటారా, అని నవ్వేది. ప్రతిసారీ పోస్టు డబ్బా దాకా వచ్చేది. చివరి రెండేళ్ళూ మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకునేది. ఆ ఆగడం నాకు కనబడకుండా, ఎవరిదో ఇంటిముందు పూలు చూస్తున్నట్టు వంగేది. జనవరిలో కూడా వంగేది, పూలు లేని చోట.

అక్క ఫోన్ చేసిన రోజు మంచుతుఫాను. రైళ్ళు ఆగిపోయాయి. రోడ్లు మూసేశారు. నేను నేపర్‌విల్ చేరేసరికి దహనం అయిపోయి రెండు రోజులైంది. అందరినీ అంత దూరం నడిచి పంపిన మనిషిని పంపడానికి నేను లేను.

ఇల్లంతా మనుషులు. మేషోమశాయి తెల్లపంచె మీద స్వెట్టరు వేసుకుని అదే కుర్చీలో కూర్చున్నారు. ఒళ్ళో పేపరు లేదు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. నన్ను చూసి తల ఊపారు. నాకు తెలియని వాళ్ళు నాకు తెలియని భాషలో ఆవిడ గురించి మాట్లాడుకుంటున్నారు. వంటింట్లో పోపులో ఆవనూనె వాసన. కాసేపటికి ఎవరూ చూడకుండా లేచి, పక్క తలుపు దగ్గరికి వెళ్ళి కోటు తొడుక్కుంటున్నాను.

“ఆగు.”

మేషోమశాయి. ఇన్నేళ్ళలో నేను వెళ్ళేటప్పుడు ఆయన కుర్చీలోంచి లేచింది లేదు. పేపరు మీంచి కళ్ళెత్తకుండా ఎశో అనేవారు, అంతే. ఇప్పుడు తలుపు వెనక వంగి ఆ రబ్బరు బూట్లు తీసుకున్నారు. నెమ్మదిగా ఒక్కొక్కటే తొడుక్కున్నారు. అవి ఆయనవే కదా. ఆయన కాళ్ళకి సరిగ్గా సరిపోయాయి.

గుమ్మం దాటాక ఆయన మెట్ల మీద ఆగి నన్నడిగారు: “ఎంత దూరం వచ్చేది?”

నాకు అర్థం కాలేదు.

“ఆవిడ. నువ్వు వెళ్ళేటప్పుడు. వెళ్ళి గంటకి గానీ వచ్చేది కాదు. గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతోందనుకునేవాణ్ణి. ఎప్పుడూ అడగలేదు.”

బయట మంచు గడ్డకట్టి జారుతోంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. ఇక్కడి దాకానేనండీ, గుమ్మం దాకానే అంటే ఆయన లోపలికి వెళ్ళిపోతారు. అనబోయి ఆగాను.

“మూల మీది పోస్టు డబ్బా దాకా” అన్నాను.

ఆయన తల ఊపి నడవడం మొదలుపెట్టారు. బూట్లు చప్పుడు చెయ్యలేదు. సగం దారిలో, లేని పూలు ఆవిడ చూసే చోట, ఆయన మాట్లాడారు. దహనం జరిగే చోట ఒక తలుపు దగ్గర తనని ఆపేశారట. ఇక్కడినుంచి మేం చూసుకుంటాం సర్, అన్నారట, చాలా మర్యాదగా. “ఏం చెయ్యాలో తెలియలేదు. తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను” అన్నారు.

 ఆయన పక్కన ఇంకొంచెం దగ్గరగా నడిచాను.

పోస్టు డబ్బా నెత్తిన మంచు పేరుకుని ఉంది. ఆవిడ చెయ్యి ఎక్కడ పెట్టేదో చూపించాను. ఆయన అక్కడ మంచు తుడిచి, చేతితొడుగు తీసేసి, అరచెయ్యి ఆనించారు. తర్వాత ఏం చెయ్యాలన్నట్టు నావైపు చూశారు. నేను మలుపు తిరిగేదాకా ఇక్కడే నిలబడేదని చెప్పాను.

“ఆషీ, మేషోమశాయి.”

ఆయన నన్ను దాటి, మంచు మూసేసిన రోడ్డు వైపు చాలాసేపు చూశారు.

“ఎశో” అన్నారు.

ఆయన్ని తిరిగి ఇంటిదాకా దింపి రావాలని నా కాళ్ళు లాగాయి. వెనక్కి తిరగలేదు. మలుపు దగ్గర ఒక్కసారి ఆగి చూశాను. చెయ్యి డబ్బా మీదే ఉంది, తొడుగు లేకుండా. నేను మలుపు తిరిగేదాకా ఆయన ఆ చెయ్యి తియ్యరని తెలుసు. అందుకని త్వరగా తిరిగాను.